ఓపెన్ స్టూడియోలో చిత్రకారుల ఫొటోలు: అపోహలు, వాస్తవాలు

ఓపెన్ స్టూడియో అంటే చిత్రకారులు తాము పనిచేసే చోటిని జనం వచ్చి చూడ్డానికి తెరిచి ఉంచడం. అక్కడ చిత్రకారులను వాళ్ల బొమ్మల పక్కన ఫొటో తీయడానికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది మనిషి మీదే దృష్టి పెడతారు. నేను ముందు బొమ్మని చూస్తాను. మనిషిని ఓ అడుగు జరగమనవచ్చు, మొహం తిప్పమనవచ్చు. గోడకి వేలాడే కాన్వాస్‌కి ఆ వీలు లేదు. వెలుతురు బొమ్మకి కుదిరాకే మనిషిని నిలబెట్టాలి.

అపోహ: పోలరైజర్ ఫిల్టర్ (మెరుపు తగ్గించడానికి లెన్స్ ముందు బిగించే అద్దం) ఉంటే ఆయిల్ పెయింటింగ్ మీద మెరుపు పోతుంది.

సరిగ్గా ఎదురుగా నిలబడి తీస్తే దాదాపు పోదు. వార్నిష్ లాంటి నునుపైన పొర మీద ఈ ఫిల్టర్ గట్టిగా పనిచేసేది, ఎదుటి నుంచి సుమారు 56 డిగ్రీలు పక్కకి వెళ్లి చూసినప్పుడు. అంత పక్కనుంచి తీస్తే బొమ్మ ఆకారమే మారిపోతుంది. పైగా ఫిల్టర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) వెలుతురు తినేస్తుంది.

మెరుపు ఉండేదీ పోయేదీ వెలుతురు వచ్చే దిక్కుని బట్టి. అది ఏ కోణంలో పడితే అదే కోణంలో అవతలి వైపుకి వెళ్తుంది. కిటికీ గానీ దీపం గానీ బొమ్మకి పక్కగా, 45 డిగ్రీల దగ్గర ఉంటే ఆ మెరుపు కెమెరా దాకా రాదు. కిటికీని కదపలేం కాబట్టి మనమే కదలాలి: ఒక కన్ను మూసి, లెన్స్ ఉండబోయే ఎత్తులో తల పెట్టి, మెరుపు మాయమయ్యేదాకా కొద్దికొద్దిగా జరగండి. రంగు మందంగా, గట్లుగట్లుగా వేసిన బొమ్మల్లో అప్పటికీ కొన్ని చుక్కలు మెరుస్తాయి. వాటిని ఉండనివ్వాలి. రంగు మందం కంటికి తెలిసేది వాటివల్లే.

అపోహ: ఫ్లాష్ కొడితే రంగులు వెలిసిపోతాయి.

ఒకటి రెండు ఫ్లాష్‌లకి అలా జరగదు. ఏళ్ల తరబడి పడే ఎండ ముందు అది లెక్కలోకి రాదు. కెమెరా మీది ఫ్లాష్ వద్దనడానికి నా కారణం వేరు: అది బొమ్మ మధ్యలో తెల్లటి మచ్చ వేస్తుంది, చూడ్డానికి వచ్చినవాళ్లని ఇబ్బంది పెడుతుంది. అయినా చిత్రకారులు వద్దంటే వద్దు. అక్కడ వాదన పనికిరాదు.

అపోహ: వెనక మసకబారితేనే మంచి పోర్ట్రెయిట్.

ఇక్కడ వెనక ఉన్నది వాళ్ల పని. దాన్ని మసక చేస్తే ఫొటో దేనికి? ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాలో 50 మి.మీ. లెన్స్‌తో, మనిషి రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే, ఎఫ్/1.8 (లెన్స్ రంధ్రం బాగా తెరిచినప్పుడు) దగ్గర స్పష్టంగా వచ్చేది పాతిక సెంటీమీటర్ల పైచిలుకు లోతు మాత్రమే. ఎఫ్/8 (రంధ్రం చిన్నది చేసినప్పుడు) దగ్గర రెండు మీటర్ల నుంచి సుమారు 3.3 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. అప్పుడు మనిషిని గోడకి అరమీటరు ముందుకి తెచ్చినా మనిషీ బొమ్మా రెండూ ఫోకస్‌లో ఉంటాయి, మనిషి నీడ కాన్వాస్ మీద పడకుండా చూసుకోవడమూ తేలికవుతుంది.

అపోహ: ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుని బట్టి కెమెరా తనంతట తానే చేసే సర్దుబాటు) రంగులు సరిచేస్తుంది.

ఎర్రటి కాన్వాస్ ఫ్రేమ్ నిండా ఉంటే, కెమెరా ఆ ఎరుపునే దోషమనుకుని తగ్గించే ప్రమాదం ఉంది. బొమ్మ పక్కన గ్రే కార్డ్ (రంగులు సరిచేయడానికి ఆధారంగా వాడే బూడిదరంగు అట్ట) పెట్టి ముందుగా ఒక ఫొటో తీసుకోండి. కిటికీ వెలుతురు, పసుపు బల్బు కలిసి పడుతుంటే కార్డ్ కూడా ఆదుకోదు. అడిగి బల్బు ఆర్పించడమే దారి.

అపోహ: కుంచె చేతికిచ్చి గీస్తున్నట్టు నిలబడమంటే సహజంగా ఉంటుంది.

నటిస్తున్న చెయ్యి ఫొటోలో ఇట్టే తెలిసిపోతుంది. 1950లో ఫొటోగ్రాఫర్ హాన్స్ నముత్ తీసిన అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ ఫొటోలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయంటే, పొలాక్ నిజంగా పనిచేస్తుండగా తీసినవి కాబట్టే. కొన్నింట్లో చెయ్యి కదిలి చెదిరిపోయింది కూడా. ఓపెన్ స్టూడియోలో చిత్రకారులు వచ్చినవాళ్లతో మాట్లాడే పనిలో ఉంటారు. ఒక బొమ్మ గురించి ఎవరికో వివరిస్తూ దాని వైపు చెయ్యి చాపే క్షణం కోసం కాచుకోండి.

అపోహ: ఫొటో నేను తీశాను, ఎక్కడైనా వేసుకోవచ్చు.

ఫొటో మీద హక్కు మీదే కావచ్చు. అందులోని బొమ్మ మీద కాపీరైట్ సాధారణంగా చిత్రకారులదే. బొమ్మ అమ్ముడైపోయినా, చాలా దేశాల్లో రాతపూర్వకంగా రాసిస్తే తప్ప ఆ హక్కు కొన్నవాళ్లకి పోదు. పోస్ట్ చేసేముందు ఫొటో మూలలు కూడా వాళ్లకి చూపించండి. వెనక ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండ్) మీద ఉన్న సగం బొమ్మని ఇంకా బయటపెట్టడం వాళ్లకి ఇష్టం లేకపోవచ్చు.