పాత ట్రక్కుకు అసలు రంగు వెతకడం ఎలా?

డెబ్బై ఏళ్ల కిందటి ట్రక్కు మీద ఇవాళ మన కంటికి కనిపించే రంగు, అది ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజున ఉన్న రంగు కాదు. మధ్యలో ఎవరూ మళ్లీ పెయింట్ వేయించని బండికైనా ఈ మాట వర్తిస్తుంది. పాత ట్రక్కులకు పూర్వరూపం తెచ్చే పనిలో అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. ఇంజను భాగానికి కొలతలుంటాయి, సరైనదో కాదో బిగించేటప్పుడే తెలిసిపోతుంది. రంగు అలా కాదు. తప్పు రంగు కూడా రేకుకు చక్కగా అంటుకుంటుంది, చక్కగా మెరుస్తుంది.

ముందు కాగితాలతో మొదలుపెట్టడం మంచిది. అమెరికన్ ట్రక్కులనే తీసుకుంటే, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ బండ్లకు లైన్ సెట్టింగ్ టికెట్ అనే పత్రం ఉండేది. ఏ యాక్సిల్, ఏ గేర్‌బాక్స్, ఏ రంగు అన్నవన్నీ అందులో కోడ్ నంబర్లుగా ఉంటాయి. జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో 1960ల చివర్ల నుంచి గ్లోవ్ బాక్స్ దగ్గర అతికించిన స్టిక్కర్ ఇదే పని చేస్తుంది. ఫోర్డ్ వాళ్లు చిన్న లోహపు ప్లేటు మీద రంగుకు ఒక అక్షరం కొట్టేవారు. అయితే ఆ అక్షరం ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. 1963లో 'ఎమ్' అంటే కొరింథియన్ వైట్, 1964కు వచ్చేసరికి అదే 'ఎమ్' వింబుల్డన్ వైట్ అయింది. రెండూ తెలుపులే, కానీ ఒకే తెలుపు కాదు. అందుకని కోడ్‌ను ఎప్పుడూ బండి తయారైన ఏడాదితో కలిపే చదవాలి.

కోడ్ దొరికితే తర్వాతి మెట్టు డ్యూపాంట్, డిట్‌జ్లర్, రిన్‌షెడ్-మేసన్ లాంటి పెయింట్ కంపెనీలు ఆ రోజుల్లో మెకానిక్కుల కోసం వేసిన రంగుల కార్డులు. వాటి మీద ఉన్నవి అచ్చు వేసిన రంగులు కావు, నిజమైన పెయింటు పూసిన చిన్న ముక్కలు. ఇంత మంచి ఆధారం ఇంకొకటి లేదనిపిస్తుంది. కానీ నా దృష్టిలో ఆ ముక్క కన్నా దాని పక్కనున్న నంబరే విలువైనది. నంబరు మారదు, ముక్క మారుతుంది. ఇక ఆ కార్డును ఫోటో తీసి కంప్యూటర్ తెర మీద చూపిస్తే దాన్ని బట్టి రంగు కలపడం అసలే వద్దు. ఒక్కో తెర ఒక్కో రకంగా చూపిస్తుంది.

కాగితం లేకపోతే బండినే అడగాలి. ఎండా వానా తగలని చోట్లు ప్రతి ట్రక్కులోనూ ఉంటాయి: డ్యాష్‌బోర్డు వెనక, రబ్బరు ప్యాడ్ల కింద, ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య గోడకు బిగించిన ప్లేట్ల వెనక. షెవర్లే పికప్‌లలో 1949 నుంచి పెట్రోలు ట్యాంకును క్యాబిన్ లోపల సీటు వెనక పెట్టారు. ఆ ట్యాంకు విప్పితే దాని వెనక గోడ మీద దశాబ్దాలుగా ఎవరూ ముట్టుకోని పెయింటు ఉండే అవకాశం ఉంది. తలుపులను, బానెట్‌ను మాత్రం అంత తేలిగ్గా నమ్మకూడదు. యాక్సిడెంట్ అయిన బండికి ఇంకో బండి తలుపు బిగించడం మామూలే.

బయట చూడాలంటే ఒక చిన్న చోట సన్నని వాటర్ పేపర్‌తో, నీళ్లు తడుపుతూ గుండ్రంగా రుద్దాలి. పొరలన్నీ ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా బయటపడతాయి. నడిమధ్య రేకు, దాని చుట్టూ ప్రైమర్ (రంగుకు ముందు రేకు మీద వేసే పూత), ఆ తర్వాత రంగులు. ప్రైమర్‌ను ఆనుకుని ఉన్న రంగే మనకు కావాల్సింది అనుకోవచ్చు, కానీ భూతద్దంతో మరోసారి చూడాలి. ఫ్యాక్టరీలో ఒకే విడతలో వేసిన పొరల మధ్య దుమ్ము ఉండదు. రెండు పొరల మధ్య మట్టి, మైనం, గీతలు కనిపిస్తే పై పొర వేసేటప్పటికే బండి రోడ్డు మీద తిరిగిందన్నమాట. ఇలా రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు గానీ వాహనాల పెయింట్లు ఆ నిషేధం కిందికి రాలేదు. పాత పెయింట్లలో సీసం ఉందనుకునే పని చేయాలి.

అసలు రంగు ఎందుకు మారుతుంది? మొదటి కారణం రంగు పదార్థంలో కాదు, ఉపరితలంలో ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు రేణువులను పట్టి ఉంచే జిగురు పదార్థాన్ని విరగ్గొడతాయి. పైన సుద్దపొడిలా ఒక పొర తేలుతుంది. గరుకైన ఆ పొర తెల్లని వెలుగును అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. ఎరుపు గులాబీలా, ముదురు ఆకుపచ్చ బూడిద కలిసినట్టుగా కనిపించేది అందుకే. ఈ నష్టం చాలావరకు పైపైదే. తడిగుడ్డతో తుడిస్తే ఒక క్షణం పాటు లోపలి రంగు ముదురుగా తేలుతుంది, పాలిష్ చేస్తే నిలబడుతుంది. పాలిష్ చేయకుండా కొలిచిన రంగు ఎందుకూ పనికిరాదు.

రెండో కారణం రేణువులే మారిపోవడం. ఆనాటి పసుపుల్లో ఎక్కువగా వాడిన లెడ్ క్రోమేట్ వెలుగుకు నల్లబడుతుంది. దానికి ప్రష్యన్ బ్లూ అనే నీలం కలిపితే క్రోమ్ గ్రీన్ వస్తుంది. కాలం గడిచాక ఈ రెండూ ఒకే వేగంతో మారవు, కాబట్టి ఆకుపచ్చ వెలిసిపోవడమే కాదు, వేరే ఛాయలోకి జరుగుతుంది. పాలిష్‌తో ఇది తిరిగి రాదు.

మూడోది వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. చాలా ట్రక్కులకు వాడిన ఆల్కిడ్ ఎనామెల్ పెయింట్లలో అవిసె నూనె లాంటి ఆరే నూనెలు ఉంటాయి. అవి చీకట్లో పసుపు బారతాయి. ఎండ తగలని చోట రంగు భద్రంగా ఉంటుందని డ్యాష్‌బోర్డు వెనక వెతికామా, అక్కడ దొరికిన తెలుపు మీగడ రంగులో ఉంటుంది, లేత నీలం కాస్త ఆకుపచ్చగా ఉంటుంది. మూసిపెట్టిన రంగుల కార్డులకూ ఇదే ప్రమాదం. అదృష్టవశాత్తూ ఈ పసుపు చాలావరకు వెనక్కి పోతుంది. ఆ భాగాన్ని కొన్ని వారాలు పగటి వెలుతురులో ఉంచి, ఆ తర్వాతే రంగు పోల్చాలి. తెలుపు, మీగడ, లేత నీలం బండ్ల విషయంలో తొందరపడితే తప్పు రంగు ఖాయం.

పెయింటు ఏ రకమో కూడా తెలుసుకోవాలి. డ్యూపాంట్ తెచ్చిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను (త్వరగా ఆరే ఒక రకం పెయింటు) 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు నీలం రంగులో వేశారు. వారాల తరబడి ఆరాల్సిన పెయింటు గంటల్లో ఆరడం మొదలైంది, రంగుల సంఖ్య పెరిగింది. ఒక మూల లాకర్ థిన్నర్ అద్దిన గుడ్డతో రుద్దితే లాకర్ కరిగి గుడ్డకు అంటుతుంది, బాగా గట్టిపడిన ఎనామెల్ అలా కరగదు. ఎనామెల్ వచ్చిన మోడల్ మీద అడుగు పొర లాకర్ అయితే ఆ పొరను అనుమానించాలి.

ఇంత జాగ్రత్త తీసుకున్నాకే స్పెక్ట్రోఫోటోమీటర్‌ను నమ్మొచ్చు. అది ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వెలుగు తిరిగి వస్తోందో కొలిచి, 1976లో ఖరారైన సీఐఈ ల్యాబ్ అనే, రంగును అంకెల్లో చెప్పే పద్ధతిలో మూడు అంకెలు ఇస్తుంది: ఒకటి వెలుతురుకు, రెండు ఛాయకు. ఆ అంకెలకు సరిపడేలా ఈనాటి రంగులతో కలిపినా ఒక చిక్కు మిగులుతుంది. లెడ్ క్రోమేట్ బదులు ఇప్పుడు వేరే పసుపు వాడతారు కాబట్టి, పగటి వెలుగులో ఒకేలా కనిపించిన రెండు రంగులు ట్యూబ్‌లైట్ కింద విడిపోవచ్చు. అందుకే కలిపిన రంగును ముందు ఒక రేకు ముక్క మీద స్ప్రే చేసి, పూర్తిగా ఆరాక, పాలిష్ చేసిన పాత భాగం పక్కన పెట్టి ఎండలోనూ లైట్ కిందా చూడాలి. మెటాలిక్ రంగైతే బండికి వాడబోయే స్ప్రే గన్‌తోనే, అదే ప్రెషర్‌తో కొట్టాలి. ఆ పెయింటులో కలిసి ఉండే సన్నని అల్యూమినియం పలుకులు ఎంత బల్లపరుపుగా పడుకున్నాయన్న దాన్ని బట్టి, ఒకే డబ్బాలోని పెయింటు కూడా ముదురుగానో లేతగానో కనిపిస్తుంది.