లెక్కలోకి రాని రెండో భాగం

అమెరికా యానిమేషన్ స్టూడియో పిక్సార్ వాళ్ల బొమ్మల కథ 'టాయ్ స్టోరీ 5' 2026 జూన్ 19న వస్తుందని ప్రకటించిన దగ్గర్నుంచి రాయగడలో మా ఇంట్లో పాత గొడవ మళ్లీ మొదలైంది. "కొత్త కథలు మానేసి పాతవే తిప్పి తిప్పి తీస్తున్నారు మావయ్యా" అంటుంది మేనకోడలు. ప్లస్ టూ కాగానే విశాఖ రైలెక్కి యానిమేషన్ నేర్చుకోవాలని చూస్తున్న పిల్ల, దాని కోపంలో న్యాయముంది. 2025లో కొత్త కథతో వచ్చిన 'ఎలియో'కి పిక్సార్ చరిత్రలోనే అతి తక్కువ ఓపెనింగ్. అంతకు ముందు ఏడాది 'ఇన్‌సైడ్ అవుట్ 2' దాదాపు 170 కోట్ల డాలర్లు తెచ్చింది.

కానీ పిక్సార్ వాళ్లకు సీక్వెల్ అంటే డబ్బు యావ ఒక్కటే కాదు. దానికి మూలం 'టాయ్ స్టోరీ 2'లో ఉంది.

1998లో ఒక్క కమాండ్‌తో ఆ సినిమా ఫైళ్లు చెరిగిపోయిన సంగతి చాలామంది విన్నదే. తెరమీద ముందు కథలో ముఖ్యమైన బొమ్మ వుడీ టోపీ పోయింది, తర్వాత బూట్లు, ఆ తర్వాత వుడీయే లేడు. బ్యాకప్ కూడా పనిచేయలేదు. పసిబిడ్డ తల్లిగా ఇంటినుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ దగ్గర కాపీ ఉంటే, ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారు వెనకసీట్లో బెల్టు పెట్టి తెచ్చారు. అంత తంటాలు పడి తెచ్చుకున్న సినిమాలో చాలా భాగాన్ని తర్వాత వాళ్లే పక్కన పెట్టేశారు. కథ బాగోలేదు, అంతే. రిలీజుకు తొమ్మిది నెలలే ఉంది, తేదీ కదలదు.

ఆ తొమ్మిది నెలల్లో ఒక ఆర్టిస్టు బిడ్డను డే కేర్‌లో దింపడం మర్చిపోయి నేరుగా పనికొచ్చేశాడు. గంటల తర్వాత భార్య అడిగితే గుర్తొచ్చింది. పార్కింగుకు పరుగెత్తేసరికి ఎండలో, కారులో బిడ్డకు స్పృహ లేదు. చన్నీళ్లు పోస్తే తేరుకుంది. అప్పటి స్టూడియో అధిపతి ఎడ్ క్యాట్మల్ తర్వాత రాసిన సంగతి ఇది. సినిమా పూర్తయ్యేసరికి మూడోవంతు సిబ్బందికి చేతుల నొప్పులు పట్టుకున్నాయట.

ఇంత చాకిరీ చేయించుకుని, పిక్సార్ సినిమాల్ని విడుదల చేసే డిస్నీ, ఇది సీక్వెల్ కాబట్టి పిక్సార్‌తో తన 1997 ఒప్పందంలోని ఐదు సినిమాల లెక్కలోకి రాదంది. ఒప్పందం ప్రకారం కొత్త కథలకే లెక్క అన్నది డిస్నీ వాదన, చివరికి అదే నెగ్గింది. సీక్వెల్ హక్కులూ వాళ్లవే. 2004 జనవరిలో పిక్సార్ తరఫున స్టీవ్ జాబ్స్ కొత్త ఒప్పందం చర్చలు తెంపేసుకున్నాక, డిస్నీ సర్కిల్ 7 అనే సొంత స్టూడియో పెట్టి, పిక్సార్‌తో పని లేకుండానే 'టాయ్ స్టోరీ 3' రాయించుకుంది. అందులో వుడీ స్నేహితుడైన బొమ్మ బజ్ పాడైతే తైవాన్ పంపిస్తారు. తాము పెంచిన పిల్లల్ని ఎవరో ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోవాల్సిన రోజులవి. 2006లో 740 కోట్ల డాలర్లకు డిస్నీ పిక్సార్‌నే కొనేశాక ఆ స్టూడియో మూతపడింది. 2010లో మనం చూసిన మూడో భాగాన్ని పిక్సార్ మొదటినుంచి మళ్లీ రాసుకుంది.

మొదటి సినిమా రాసినవాళ్లలో ఒకరైన ఆండ్రూ స్టాంటనే ఐదో భాగానికి దర్శకుడు, అందుకే నాకు నమ్మకముంది. ఇదంతా విన్నాక మేనకోడలు అడిగింది ఒక్కటే, ఆ కంప్యూటర్ ఆవిడ ఇప్పుడు ఎక్కడుందని. 2023లో పిక్సార్ ఉద్యోగాల్లోంచి తీసేసిన 75 మందిలో గాలిన్ సుస్మన్ కూడా ఉన్నారు.