పీజీ పెత్తనం ఒకచోట, ఫెలోషిప్ పైకం మరోచోట

పీహెచ్‌డీ విద్యార్థులకు వారానికి 4 నుంచి 6 గంటల వరకు ట్యుటోరియళ్లు, ప్రయోగశాల తరగతులు, మూల్యాంకనం పనులు అప్పగించవచ్చని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నవంబరులో జారీ చేసిన నిబంధనలు చెబుతున్నాయి. ఆ పనికి పైకం ఎవరివ్వాలి, ఎంతివ్వాలి అన్న ఊసు మాత్రం వాటిలో లేదు. అనంతపురం, కర్నూలు, కడప విశ్వవిద్యాలయాల్లో ఈ పని కొత్తదేమీ కాదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ జరిగే మధ్యాహ్నం బ్యూరెట్ల దగ్గర నిలబడి రీడింగులు సరిచూసేదీ, రికార్డులు దిద్దేదీ చాలాచోట్ల పరిశోధక విద్యార్థులే. ఇన్నాళ్లూ గైడుగారి మాట మీద సాగిన పనికి ఇప్పుడు నిబంధన తోడైంది, అంతే. పీజీ కోర్సులపై అధికారం, వాటిని నడిపే విద్యార్థులకు అందాల్సిన పైకం వేర్వేరు చేతుల్లోకి ఎలా వెళ్లాయో తెలుసుకోవాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

రాయలసీమలో ఉన్నత విద్య మొదటి నుంచీ ఒప్పందాల మీద, వాటి ఆలస్యం మీద నడిచింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కేంద్రం ఎక్కడుండాలన్న తగవు చాన్నాళ్లు నడిచింది. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ ఒక కేంద్రాన్ని అభివృద్ధి చేయాలని కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. ఆ మాట రాసినట్టుగా అమలు కాలేదు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. అనంతపురానికి 1968లో దక్కింది ఆ విశ్వవిద్యాలయం వారి పీజీ కేంద్రం మాత్రమే. 1976లో స్వయంప్రతిపత్తి పొందిన ఆ కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. కడప పీజీ కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయంగా, అనంతపురం నీడలో సాగిన కర్నూలు పీజీ కేంద్రం 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయంగా మారాయి. అంటే ఈ మూడూ పీజీ కేంద్రాలుగా పుట్టి పెరిగినవే. కాబట్టి పీజీ విభాగాల మీద పడే దెబ్బ ఇక్కడ మొత్తం విశ్వవిద్యాలయానికే తగులుతుంది.

1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం పాలనా వ్యవహారాలు పాలక మండలివి, చదువుల వ్యవహారాలు అకడమిక్ సెనేట్‌వి, పాఠ్యాంశాలు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌వి. కాగితం మీద ఇది చక్కని పంపకమే. అయితే అంతకు ముందే, 1988 చట్టంతో విశ్వవిద్యాలయాలన్నింటి పైన రాష్ట్ర ఉన్నత విద్యామండలి వచ్చింది. డిగ్రీల ప్రమాణాలు, పీహెచ్‌డీ నిబంధనలు యూజీసీ చేతిలో ఉన్నాయి. ప్రవేశాలు కూడా క్రమంగా పైకి వెళ్లాయి. ఒక్కో విశ్వవిద్యాలయం సొంతంగా నడుపుకున్న పీజీ ప్రవేశ పరీక్షల స్థానంలో 2021 నుంచి రాష్ట్రమంతటికీ పీజీసెట్ అనే ఒకే ప్రవేశ పరీక్ష వచ్చింది. మొదటిసారి దాన్ని నిర్వహించింది కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమే. పరీక్ష ఒకటి కావడం వల్ల విద్యార్థికి ఊళ్లు తిరిగే ఖర్చు తగ్గిందన్నది నిజం. తన విభాగంలో ఎవరు చేరాలో నిర్ణయించే వీలు ఆచార్యులకు తగ్గిందన్నదీ అంతే నిజం.

డబ్బు కథ మరో దారిలో నడిచింది. యూజీసీ జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించినవారికి నెలకు రూ. 25,000గా ఉన్న ఫెలోషిప్ 2019లో రూ. 31,000కు, 2023 జనవరి నుంచి రూ. 37,000కు పెరిగింది. అది కూడా చేతికి రావాలంటే విశ్వవిద్యాలయంలో 'మేకర్', 'చెకర్' అనే ఇద్దరు లాగిన్ అయి నెలనెలా పోర్టల్‌లో ధ్రువీకరించాలి. ఒకరు సెలవులో ఉన్నా ఆ నెల అప్పుల నెలే. నెట్ లేనివారి సంగతి వేరు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో వారికి ఎంఫిల్‌కు రూ. 5,000, పీహెచ్‌డీకి రూ. 8,000 ఇచ్చేవారు. 2015 అక్టోబరులో యూజీసీ దాన్ని ఆపాలని చూసినప్పుడు ఢిల్లీలో రేగిన ఉద్యమం రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ ఆ ఫెలోషిప్ ఇవ్వాలని కోరింది. ఆ కోరిక నెరవేరలేదు.

అనంతపురంలోనే ఇంకో ఏర్పాటు కనిపిస్తుంది. జేఎన్‌టీయూ ఎంటెక్‌లో జాతీయ ప్రవేశ పరీక్ష గేట్ అర్హతతో చేరిన విద్యార్థికి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) నెలకు రూ. 12,400 ఇస్తుంది, బదులుగా వారానికి 8 నుంచి 10 గంటలు బోధన, పరిశోధన పనుల్లో సాయపడాలని షరతు పెడుతుంది. పని, పైకం రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. అదే ఊళ్లో, ఫెలోషిప్ లేని సైన్సు పరిశోధక విద్యార్థికి మిగిలేది పని ఒక్కటే.

రాష్ట్ర ప్రభుత్వం ప్రధానంగా ఫీజుల రూపంలోనే సాయం ఇచ్చింది. 2020 డిసెంబరు నాటి జీవో 77తో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఆగిపోయింది. దాన్ని రద్దు చేయాలంటూ సీమ జిల్లాల్లో విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి ధర్నాలు చేశాయి. ఫీజు వాదన అంత గట్టిగా వినిపించిన చోట, బోధనలో సాయపడే విద్యార్థి భత్యం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఫీజు అందరిదీ, భత్యం కొందరిదీ కావడం ఇందుకు కారణమనుకోవాలి.

బోధనలో సాయానికి పరిశోధక విద్యార్థులకు భత్యం ఇవ్వాలని పాలక మండలి తీర్మానం చేస్తే చట్టం అడ్డుపడదనే నా అభిప్రాయం. అడ్డుపడేది బడ్జెట్టు. ప్రభుత్వం ఏటా గంపగుత్తగా ఇచ్చే బ్లాక్ గ్రాంటులో సింహభాగం జీతాలకు, పింఛన్లకు పోతుంది. ఖాళీ అయిన అధ్యాపక పోస్టుల్లో అకడమిక్ కన్సల్టెంట్లను (తాత్కాలిక అధ్యాపకులను) పెట్టుకుని వారి వేతనాలకు వెతుకులాడుతున్న విశ్వవిద్యాలయాలు పరిశోధక విద్యార్థికి వేరే పద్దు తెరవడం కష్టమే. యూజీసీ నిబంధనలో ఆ 4 నుంచి 6 గంటలకు నిధులెక్కడివో రాయకపోవడంతో ఆ భారం కూడా వీటి మీదే పడింది.