మెడికల్ మీద మిలట్రీ నుంచి వచ్చేసినవాళ్ళ పెన్షన్: అపోహలు - వాస్తవాలు

ఆర్మీలో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయనగరంలో మాజీ సైనికుల పెన్షన్ కాగితాలు చూడటమే నా పని. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఏ ఊరివాళ్ళు వచ్చినా డిజేబిలిటీ పెన్షన్ (వైకల్య పెన్షన్) గురించి ఎవరో చెప్పిన మాట పట్టుకునే వస్తారు. ఆ మాట నమ్మి, రావలసిన డబ్బు ఏళ్ళ తరబడి వదిలేసుకున్న కుటుంబాలను చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "బోర్డ్ అవుట్ చేశారంటే డిజేబిలిటీ పెన్షన్ దానంతటదే వచ్చేస్తుంది."

రాదు. బోర్డ్ అవుట్ అంటే ఆరోగ్యం సరిగ్గా లేదని మెడికల్ బోర్డు (మిలట్రీ డాక్టర్ల బోర్డు) సర్వీసు నుంచి పంపేయడమే. పెన్షన్‌కి వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. అది సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో తేలాలి. శాతం దగ్గర గొడవ తక్కువే, పేచీ అంతా ఈ రెండో షరతు దగ్గరే. సర్వీసుకీ జబ్బుకీ సంబంధం లేదని మెడికల్ బోర్డు రాసిందా, ఫౌజీలు "నానా పడింది" అంటారు (నైదర్ ఆట్రిబ్యూటబుల్ నార్ ఆగ్రవేటెడ్ అన్న ఇంగ్లీషు మాటకి పొట్టి పేరు). అది పడితే వైకల్యం 80 శాతం ఉన్నా ఈ పెన్షన్ రాదు. పదేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకి ఇన్‌వాలిడ్ పెన్షన్ అని ఇంకోటి వస్తుంది. అదీ ఇదీ ఒకటే అనుకుని ఊరుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

అపోహ: "డాక్టర్లు రాసేశాక ఇంక చేసేదేం లేదు."

నేను విన్నవాటిలో ఎక్కువ నష్టం చేసిన మాట ఇదే. ఇంటికొచ్చిన తిరస్కరణ లెటర్‌లో రెండు మూడు వాక్యాలు మించి ఉండవు. దాన్ని చూసి నిర్ణయానికి రాకండి. బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ తెప్పించండి. ఆ ఫారాన్ని ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అంటారు. మీ రికార్డ్స్ ఆఫీసుకి రాయండి, పంపకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఏయే చోట పనిచేశారు, అది ఫీల్డా (సరిహద్దు, ఆపరేషన్ల చోటు) పీసా (మామూలు కంటోన్మెంటు) అని అందులో ఒక పట్టిక ఉంటుంది. జబ్బు మొదట ఎప్పుడు, ఎక్కడ బయటపడిందో ఉంటుంది. వెనక పేజీల్లో బోర్డు అభిప్రాయం ఉంటుంది: సర్వీసు వల్ల వచ్చిందా, ముదిరిందా, అవునా కాదా, పక్కన కారణం. ఎవరి కాగితం చేతికిచ్చినా నేను ముందు చూసేది ఆ కారణమే. నాయక్ ర్యాంకులో పనిచేసిన ఒకాయన కాగితంలో అక్కడ ఒక్కటే వాక్యం ఉంది: బీపీ పీస్ స్టేషన్‌లో మొదలైంది కాబట్టి సర్వీసుతో సంబంధం లేదు అని. పోస్టింగుల పట్టిక చూస్తే దానికి ముందంతా ఎత్తైన కొండల్లో ఫీల్డ్ డ్యూటీయే. అప్పీలు అంటే ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించడమే. దేశానికి సేవ చేశాను, కనికరించండి అని నాలుగు పేజీలు రాస్తే ఎవరూ చదవరు.

ఇక్కడ మనకి పెద్ద అండ ధరమ్‌వీర్ సింగ్ కేసు. ఆయన 1985లో చేరిన సిపాయి. 1994లో మూర్ఛ వ్యాధి అని, 20 శాతం వైకల్యం అని పంపేశారు. సర్వీసుతో సంబంధం లేదన్నారు. 2013లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. చేరినప్పుడు రికార్డులో జబ్బు రాసి లేకపోతే ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలంది. సర్వీసుతో సంబంధం లేదని చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే, అనుమానం ఉంటే మేలు సైనికుడికే అంది. భర్తీ రోజున ఆ జబ్బు కనిపెట్టడం కుదరదని బోర్డు అంటే, ఎందుకు కుదరదో కారణం రాయాలంది.

అలాగని ఈ తీర్పు ఒక్కటి జత చేస్తే పని అయిపోతుందనుకోవద్దు. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో, మానసిక వ్యాధి విషయంలో, అదే సుప్రీంకోర్టు బోర్డు అభిప్రాయాన్నే నిలబెట్టింది. రూల్సు కూడా 2008లో ఒకసారి, 2023లో ఒకసారి మారాయి. మీరు బయటికొచ్చిన తేదీకి ఏ రూల్సు అమల్లో ఉన్నాయో చూసుకున్నాకే కలం పట్టండి.

అపోహ: "ఉద్దానం వాడివి, కిడ్నీ జబ్బు మీ ఊరి నీళ్ళదే. మిలట్రీ ఎందుకిస్తుంది?"

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చే తమ్ముళ్ళు తామే ఈ మాట అంటారు. బాధనిపిస్తుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు. ఊరి పేరు చూసి జబ్బు పుట్టుక తేల్చేయడం కుదరదు. భర్తీ మెడికల్‌లో మూత్ర పరీక్ష చేశారు, ఫిట్ అన్నారు. ఆ కాగితం మీకు ముఖ్యం. ఆ తర్వాత ఏటా జరిగిన మెడికల్స్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్త పరీక్ష) మొదటిసారి పెరిగినప్పటి రిపోర్టు, అప్పుడు ఎక్కడ పోస్టింగో, ఇవన్నీ తేదీల వరసలో పెట్టండి. ఎడారిలో, ఎండలో, నీళ్ళు సరిగ్గా దొరకని చోట పనిచేసి ఉంటే అది కూడా రాయండి. సర్వీసు వల్ల రాకపోయినా ముదిరిందని తేలితే చాలు, హక్కు ఉన్నట్టే. వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బు అని తేలితే మాత్రం దారి కష్టం. ఆ సంగతి ముందే చెప్పేస్తాను.

అపోహ: "పూర్తి సర్వీసు చేసి రిటైరయ్యాను, నాకు డిజేబిలిటీ వర్తించదు."

వర్తిస్తుంది. రిటైరయ్యే ముందు లో మెడికల్ క్యాటగిరీలో (పూర్తిగా ఫిట్ కాదని పెట్టిన శ్రేణిలో) ఉంటే రిలీజ్ మెడికల్ బోర్డు జరుగుతుంది. పైన చెప్పిన రెండు షరతులూ కుదిరితే, మామూలు పెన్షన్‌తో పాటు డిజేబిలిటీ ఎలిమెంట్ (వైకల్యానికి ఇచ్చే భాగం) కూడా వస్తుంది. 2006 జనవరి 1 తర్వాత సొంత కోరిక మీద వచ్చేసినవాళ్ళకీ అంతే.

లెక్క ఇలా ఉంటుంది. నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం. జీతం 40,000 అనుకుంటే 12,000. మీది 30 శాతం వైకల్యమైతే 3,600 రావాలి. కానీ 50 లోపు ఉన్నదాన్ని 50గా, ఆపైన 75 దాకా ఉన్నదాన్ని 75గా, అది దాటితే 100గా లెక్కగట్టే పద్ధతి ఉంది. దాన్ని బ్రాడ్ బ్యాండింగ్ అంటారు. అప్పుడు మీకు 6,000, దాని మీద డీఆర్ (ధరల పెరుగుదలకి ఇచ్చే డియర్‌నెస్ రిలీఫ్) అదనం. మొదట్లో ఇది మధ్యలో బోర్డ్ అవుట్ అయినవాళ్ళకే ఇచ్చేవారు. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు రిటైరైనవాళ్ళకీ ఇవ్వాలంది. 2016కి ముందు రిటైరైన మావయ్యలూ, చిన్నాన్నలూ ఎవరైనా ఇంకా 20, 30 శాతం లెక్కనే తీసుకుంటున్నారేమో ఒకసారి పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) తీసి చూడండి.

అపోహ: "సెలవులో తగిలిన దెబ్బకి ఏమీ రాదు."

యూనిట్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి యూనిట్‌కి చేసే ప్రయాణం డ్యూటీ కిందే లెక్క. క్యాజువల్ లీవులో సొంత ఖర్చుతో వస్తున్నా సరేనని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. సెలవు మీద వస్తూ ఆమదాలవలస స్టేషన్‌లో రైలు దిగబోయి పడితే అడగొచ్చు. ఇంటికి చేరాక కొబ్బరిచెట్టెక్కి పడితే కష్టం. టికెట్, లీవ్ సర్టిఫికెట్ పారేయకండి. యూనిట్‌కి వెంటనే తెలియజేసి ఇంజురీ రిపోర్టు రాయించుకోండి.

అపోహ: "సదరం సర్టిఫికెట్ ఉంటే చాలు."

సదరం రాష్ట్ర ప్రభుత్వ పింఛను కోసం. దానికి 40 శాతం ఉండాలి, ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 6,000 ఇస్తున్నారు. మిలట్రీ వాళ్ళు తమ బోర్డు మాటే చూస్తారు.

అపోహ: "ఆరు నెలలు దాటిపోయింది, ఇంక దారి లేదు."

తిరస్కరణ లెటర్ వచ్చిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు వేయాలి, నిజమే. దాన్నీ కొట్టేస్తే రెండో అప్పీలు, ఆ తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ (సైనికుల కేసులు వినే కోర్టు). మనకి చెన్నై బెంచ్. లాయరు లేకుండా సొంతంగా కూడా వాదించుకోవచ్చు. ఆలస్యమైతే కారణం చూపించి మన్నించమని అడగాలి. పెన్షన్ నెలనెలా రావలసినది కాబట్టి, అందని ప్రతి నెలా అన్యాయం కొనసాగుతున్నట్టేనని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే ఆలస్యంగా వెళ్తే పాత బకాయి కేసు వేయడానికి ముందు మూడేళ్ళకే పరిమితం చేశారు. ఇంకో ఏడాది ఆగితే ఇంకో ఏడాది డబ్బు పోయినట్టే. బకాయిలో ఇంత శాతం ఇస్తే ఫైలు కదిపిస్తామనే వాళ్ళని గుమ్మం ఎక్కనీయకండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఉన్నాయి, ముందు అక్కడికి వెళ్ళండి.

అపోహ: "అగ్నివీర్‌కి కూడా ఇదే పెన్షన్."

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో తెల్లారకుండా పరుగులు తీసే కుర్రాళ్ళూ, వాళ్ళ అమ్మానాన్నలూ ఇది తెలుసుకోవాలి. అగ్నివీర్‌కి నెలవారీ డిజేబిలిటీ పెన్షన్ లేదు. సర్వీసు వల్ల వైకల్యం వచ్చిందనో, ముదిరిందనో తేలితే ఒకేసారి ఇచ్చే సొమ్ము ఉంది: 100 శాతానికి 44 లక్షలు, 75కి 25 లక్షలు, 50కి 15 లక్షలు. ఇక్కడ కూడా నిలబెట్టేది కాగితమే. ట్రైనింగ్‌లో మోకాలు మెలిపడినా సిక్ రిపోర్ట్ చేసి, ఆస్పత్రి కాగితం ఫోటో తీసి ఇంటికి పంపమని మీ అబ్బాయికి చెప్పండి.