ఎక్కువ పట్టున్న కణం లోపలికి

బెంగళూరులో కొన్నేళ్ళు బోరు నీళ్ళు కాచిన గీజరు కాయిల్ విప్పి చూస్తే తెల్లటి పెచ్చు కనిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం క్యాల్షియం కార్బొనేట్. ఇంట్లో మనం తిట్టుకునే ఆ క్యాల్షియం అయాన్లుగా లేకపోతే పిండంలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకోలేవు. పట్టుకునే చేయి క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్. కణం పైపొర నుంచి బయటికి చాచిన ఆ చేతిలో చెరుకు గడలా అయిదు ముక్కలుంటాయి, ప్రతి కణుపు దగ్గరా మూడు క్యాల్షియం అయాన్లు. అవి ఉన్నంతసేపూ చేయి బిగిసి నిలబడుతుంది. తీసేస్తే వాలిపోతుంది, అప్పుడు ట్రిప్సిన్ ఎంజైము దాన్ని తేలిగ్గా కోసేస్తుంది.

1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ ఉభయచర పిండాల కణజాలాన్ని క్షార ద్రావణంలో విడి కణాలుగా చేసి, కలగాపులగం చేసి వదిలారు. చర్మం కావలసిన కణాలు బయటికి, నాడీ కణాలు లోపలికి సర్దుకున్నాయి. దీన్ని స్టైన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ద్రవాల లెక్కతో వివరించాడు: పట్టు ఎక్కువున్న కణజాలానికి తలతన్యత ఎక్కువ, అది లోపల ముద్దకడుతుంది, తక్కువున్నది దాన్ని చుట్టేస్తుంది. రసం మీద నూనె తేలడంతో దీన్ని పోల్చకూడదు. అక్కడ సాంద్రత తేడా, ఇక్కడ బరువుతో పనే లేదు. కోడి పిండంలో ఈ తలతన్యతను కొలిస్తే కాలుగా పెరిగే మొగ్గకు సెంటీమీటరుకు సుమారు 20 డైన్లు, గుండెకు 8.5, కాలేయానికి 4.6, రెటీనాకు 1.6 వచ్చాయి. ఏ రెండింటిని కలిపినా పెద్ద అంకె ఉన్నదే లోపలికి పోతుంది. 1994లో స్టైన్‌బర్గ్, టకెయిచి ఒకే రకం క్యాడ్హెరిన్ రెండు మోతాదుల్లో ఉన్న కణాలను కలిపారు. ఎక్కువున్నవే లోపలికి చేరాయి. రకం మారనక్కరలేదు, మోతాదు చాలు.

రకం మారే చోటు వెన్నుపాము. చర్మంలో ఈ-క్యాడ్హెరిన్ ఉంటుంది. మెదడు, వెన్నుపాము అయ్యే నాడీనాళం ముడుచుకునేటప్పుడు ఆ నాళపు కణాలు ఈ-క్యాడ్హెరిన్‌ను మానేసి ఎన్-క్యాడ్హెరిన్ తయారుచేస్తాయి. మనుషుల్లో ఈ నాళం 28వ రోజుకల్లా మూసుకుంటుంది. కప్ప పిండపు చర్మంలో బలవంతంగా ఎన్-క్యాడ్హెరిన్ పుట్టిస్తే నాళం చర్మం నుంచి సరిగా విడిపోదు.

బెంగళూరు జీకేవీకే ఆవరణలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ లాంటి చోట ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు ఈ సర్దుబాటును చూడాలనుకుంటే చాలాసార్లు మొదటి మెట్టులోనే దెబ్బ తింటారు. కణాలను విడదీయడానికి అలవాటు కొద్దీ ఈడీటీఏ కలిపిన ట్రిప్సిన్ పోస్తారు. ఈడీటీఏ క్యాల్షియాన్ని లాగేస్తుంది, చేతులన్నీ తెగిపోతాయి, మళ్ళీ మొలవడానికి గంటలు పడుతుంది. 0.01 శాతం ట్రిప్సిన్‌లో 1 మిల్లీమోలార్ క్యాల్షియం ఉంచి, కణాలను పిపెట్‌తో మెల్లగా విడదీయాలి. జిగురు తీగలు సాగితే అది చచ్చిన కణాల డీఎన్ఏ, దాన్ని కోసే ఎంజైము డీఎన్ఏజ్ కాస్త వేయాలి. రెండు రకాలకు రెండు రంగులద్ది, కలిపి, 20 మైక్రోలీటర్ల చుక్కలుగా పెట్రి డిష్ మూతకు పెట్టి తలకిందులు చేస్తారు. డిష్‌లో కొంచెం బఫర్ పోయకపోతే చుక్క ఎండిపోతుంది. 24 నుంచి 48 గంటల్లో ఫలితం తెలుస్తుంది. రంగులు అటూ ఇటూ మార్చి ఇంకోసారి చేయకుండా ఏదీ నమ్మకూడదు. ఇంకో చిన్న మాట: బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పీడనం చెన్నై కంటే దాదాపు పదోవంతు తక్కువ. ఇంక్యుబేటర్‌లో కార్బన్ డయాక్సైడ్ 5.5 శాతానికి పెడితేనే కణాలున్న ద్రావణానికి చెన్నైలో 5 శాతం కింద వచ్చే పీహెచ్ వస్తుంది.

పట్టు ఒక్కటే మొత్తం కథ కాదని 2008లో జీబ్రాచేపలో తేలింది. చర్మం కావలసిన కణాలకు పట్టు తక్కువైనా, పైపొర కింద కణాన్ని బిగించే ఆక్టిన్-మయోసిన్ ప్రొటీన్ల బిగువు ఎక్కువ. కలిపి వదిలితే అవే లోపలికి చేరాయి. పిండంలో పదునైన హద్దు పడాలంటే వికర్షణ కూడా కావాలి. ఒక పక్క కణాల మీద ఎఫ్రిన్ అనే ప్రొటీన్, అవతలి వాటి మీద దాని గ్రాహకం ఉంటాయి. కప్ప పిండంలో వీపు పొడవునా ఉండే కడ్డీ, నోటోకార్డు అంచున కణాలు ఎదుటి కణాలను తాకుతాయి, వెనక్కి లాక్కుంటాయి, మళ్ళీ తాకుతాయి. ఆ అంచులో క్యాడ్హెరిన్ లేక కాదు. తాకిన ప్రతిసారీ మయోసిన్ బిగుసుకోవడంతో క్యాడ్హెరిన్ గుంపుకట్టి పట్టు బిగించే వీలుండదు.