ముత్యాల వలయం కనబడగానే ఇరాన్ బట్ట అనేయకండి

తెల్ల చుక్కల వలయం, మధ్యలో ఏదో జంతువు. అలాంటి పాత పట్టు ముక్క ఫొటో పెట్టి "ఇది ససానియన్ (ఇస్లాంకు ముందు ఇరాన్‌ను ఏలిన వంశం) కాలపు ఇరాన్ నేతే కదా?" అని అడిగేవాళ్లు చాలామంది. నిక్షేపంలాంటి డబ్బు పోగొట్టే అపోహ ఇదే.

వాస్తవం: నమూనా ఎవరైనా ఎత్తుకోవచ్చు, ఊరు చెప్పేది నేత. వాయవ్య చైనాలోని తుర్ఫాన్ దగ్గర ఆస్తానా సమాధుల్లో దొరికిన ఒక ముక్క చూడండి. ముత్యాల వలయంలో ఒంటెను నడిపించే మనిషి, కింద అదే బొమ్మ తలకిందులుగా, పక్కన చైనా లిపిలో "హు వాంగ్", అంటే పడమటివాళ్ల రాజు. నేత మాత్రం అచ్చంగా చైనాది. చైనాను సుయ్ వంశం ఏలిన కాలంలో పర్షియా (ఇరాన్) బంగారు జరీ పట్టు అంగీ కానుకగా పంపితే, హె చౌ అనే అధికారి దాన్ని మించినది నేయించాడని ఆ వంశ చరిత్రలోనే ఉంది.

ముందు అంచు వెతకండి. అంచు వెంట నడిచే పోగులు పడుగు, వాటికి అడ్డంగా నడిచేవి పేక. అంచు లేని ముక్కలో పడుగు, పేక తారుమారైతే ఆ తర్వాత చెప్పేదంతా తప్పే. పది రెట్ల భూతద్దంలో పడుగు పోగులే రంగులు మార్చి బొమ్మ తేలుస్తుంటే అది పాత చైనా "జిన్" నేత. పేకే రంగులు మోస్తూ, పడుగుకు జడ్ అక్షరం నడుమ గీతలా వాలిన గట్టి పురి ఉంటే సోగ్డియా (మధ్య ఆసియాలో సమర్కండ్ ప్రాంతం), ఇరాన్ వైపు చూడాలి. అదీ తుది తీర్పు కాదు. సుయ్ తర్వాత వచ్చిన టాంగ్ వంశ కాలానికి చైనా నేతగాళ్లు పేకతో బొమ్మ తేల్చడం నేర్చేసుకున్నారు, కాబట్టి కాలం తేలందే ఊరు తేలదు. మామూలు ఫొటోలో పురి కనబడదు. ఫొటో చూసి ఇచ్చే సర్టిఫికెట్‌కు డబ్బు కట్టకండి.

ఇప్పటికే కొని దిగులు పడుతున్నారా? ఉతకొద్దు, ఇస్త్రీ వద్దు, టేపు అసలే వద్దు. ఆమ్లం లేని కాగితంపై మడత పెట్టకుండా పరిచి, పాత వస్త్రాలను భద్రపరిచే నిపుణులకు చూపించండి.

పట్టు దారి గురించి ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. అక్రోటు, నువ్వులు అన్నీ చైనా హాన్ చక్రవర్తి పడమటికి పంపిన రాయబారి ఝాంగ్ చియన్ తెచ్చాడన్నది తర్వాత అల్లిన కథ. పాత చరిత్ర చెప్పేది ద్రాక్ష, లూసర్న్ గడ్డి విత్తనాల గురించే, అవీ హాన్ రాయబారులు తెచ్చినవి. ఆయన ఇరాన్ వెళ్లనే లేదు, వెళ్లింది ఆయన పంపిన మనుషులు.

ఒకే వర్తకుడు చైనా నుంచి ఇరాన్ దాకా సరుకు మోసేవాడనడమూ తప్పే. సరుకు చేతులు మారుతూ పోయేది.

పట్టంటే రాజుల విలాసమేనా? చైనా సరిహద్దులో అది డబ్బు కూడా. వాయవ్య చైనాలోని డున్‌హువాంగ్ దగ్గరి కావలి బురుజుల్లో దొరికిన ఒక పట్టు ముక్క మీద ఆ బట్ట తాను కొలతలు, ధర రాసి ఉన్నాయి (చి, త్సున్ పొడవు కొలతలు, లియాంగ్ బరువు కొలత): వెడల్పు 2 చి 2 త్సున్, పొడవు 40 చి, బరువు 25 లియాంగ్, ధర 618 నాణేలు.