120వ మూలకం: గొడవంతా కేంద్రకం ఆకారం దగ్గరే

2024 జూలైలో బర్క్‌లీ ప్రయోగశాల టైటానియం-50 పుంజంతో ప్లుటోనియం-244ను ఢీకొట్టించి, 22 రోజుల్లో 116వ మూలకమైన లివర్‌మోరియం పరమాణువులు రెండింటిని పట్టుకుంది. ఇక 120వ మూలకమే లక్ష్యం అనడంతో పాత తగువు మళ్లీ లేచింది: స్థిరత్వ ద్వీపం (అతిభార కేంద్రకాలు ఎక్కువ కాలం నిలుస్తాయని ఆశించే ప్రాంతం) నడిబొడ్డు 114 ప్రోటాన్ల దగ్గరుందా, 120 దగ్గరా?

దీనికి మూలం 1962లో రష్యాలోని దుబ్నా పరిశోధనశాలలో దొరికింది. అక్కడ అమెరీషియం-242 కేంద్రకాలు కొన్ని సుమారు 14 మిల్లీసెకన్ల అర్ధాయువుతో వాటంతటవే చీలిపోయాయి. ఆ వేగానికి కారణం 1967లో భౌతికశాస్త్రవేత్త స్ట్రుటిన్‌స్కీ లెక్కతో తేలింది. కేంద్రకాన్ని ద్రవబిందువుగా చూసే నమూనా ఇచ్చే శక్తికి కర్పరాల (ప్రోటాన్లు, న్యూట్రాన్లు నిండే శక్తి అంతస్తుల) సవరణ కలిపితే, చీలిపోకుండా ఆపే శక్తి గట్టుకు, అంటే విచ్ఛిత్తి అవరోధానికి, రెండు మూపురాలు వస్తాయి. వాటి మధ్య పల్లంలో చిక్కిన కేంద్రకం వెడల్పుకు రెట్టింపు పొడవుతో సాగి ఉంటుంది. అది దాటాల్సింది రెండో మూపురాన్నే, అందుకే అంత త్వరగా చీలుతుంది. మిగతా చరిత్రంతా ఇందులోనే ఉంది. 104 ప్రోటాన్లు దాటాక ద్రవబిందు లెక్కలో అవరోధం దాదాపు మిగలదు. ఆపైన కేంద్రకాన్ని నిలిపేది కర్పరాలే, వాటిని నిర్ణయించేది ఆకారమే.

గుండ్రటి కేంద్రకంలో కర్పరాలు నిండేది 114 ప్రోటాన్లు, 184 న్యూట్రాన్ల దగ్గర అని ఆనాటి లెక్కలు అన్నాయి. 114వ మూలకమైన ఫ్లెరోవియం సెకన్ల పాటు నిలవడాన్ని ఆ పక్షం ఇప్పటికీ చూపిస్తుంది.

రెండో పక్షం వాదన ఇంకా లోతైనది. ఇంత బరువులో విద్యుత్ వికర్షణ ప్రోటాన్లను బయటికి నెట్టి, కేంద్రకం నడుమను పలచబరుస్తుంది. దాంతో స్పిన్-ఆర్బిట్ చీలిక (కణం స్పిన్, కక్ష్యా చలనం కలిసి శక్తి స్థాయిలను విడదీయడం) తగ్గి, 114 దగ్గరి శక్తి ఖాళీ కుంచించుకుపోతుంది. కేంద్రకాన్ని లెక్కగట్టే సాపేక్షతా నమూనాలు 120ని, స్కిర్మ్ అనే మరో రకం బల సూత్రం వాడేవి ఎక్కువగా 124 లేదా 126ని చూపడానికి ఇదే కారణం. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఫ్లెరోవియం క్షయాన్ని కొలిచిన బృందం 114 దగ్గర బలమైన కర్పరానికి ఆధారం లేదని 2021లో ప్రకటించింది. సాగిన ఆకారానికి చెప్పిన 108 ప్రోటాన్లు, 162 న్యూట్రాన్ల జంట మాత్రం హాసియం-270లో నిలబడింది.

120 కోసం కాల్షియం-48 వాడాలంటే ఫెర్మియం లక్ష్యం కావాలి. అది సరిపడా పోగుపడదు. అందుకే టైటానియం-50, కాలిఫోర్నియం-249. ఆ కలయికలో 299 ద్రవ్యసంఖ్య వస్తుంది. అందులోని 179 న్యూట్రాన్లలో మూడు నాలుగు ఆవిరైతే మిగిలేవి 176 లేదా 175. ఇప్పటికే ఇతర మూలకాల్లో 177 న్యూట్రాన్లు చూశాం. 184 ఇంకా దూరమే. పైగా అంచనాల ప్రకారం ఆ కేంద్రకం మైక్రోసెకన్ల కాలమే బతుకుతుంది. పుట్టిన కేంద్రకాన్ని పుంజం నుంచి వేరుచేసే సెపరేటర్ దాటి డిటెక్టర్ చేరడానికే దాదాపు ఒక మైక్రోసెకను పడుతుంది. అంతకంటే ముందే క్షయమైతే, పుట్టినా లెక్కకు రాదు.